విత్తులు కొట్టించడమా, టీకా వేయించడమా: మగ జంతువును పెంచేవాళ్ళు ఎలా తేల్చుకోవాలి

మగ జంతువును పెంచే ఎవరికైనా ఏదో ఒక రోజు ఈ టెన్షన్ మొదలవుతుంది. నిన్నటి దాకా చేయి నాకిన కోడెదూడ తల విసరడం మొదలుపెడుతుంది. మేకపోతు వాసన పాకంతా పట్టేస్తుంది. మగకుక్క తలుపు సందు దొరికితే చాలు, ఎటో వెళ్ళి చెవి చింపుకుని వస్తుంది. మాంసం కోసం పెంచే మగపందిని అలాగే వదిలేస్తే ఆ మాంసం వండేటప్పుడు కంపు కొట్టే అవకాశం ఉంది.

ఇన్నాళ్ళూ దీనికి ఒకటే దారి, విత్తులు కొట్టించడం. కత్తితో తీసినా, పట్టకారుతో నొక్కినా, రబ్బరు రింగు వేసినా చివరికి జరిగేది వృషణాలు పనిచేయకుండా పోవడమే. ఇప్పుడు ఇంకో దారి వచ్చింది. వృషణాల జోలికి పోకుండా, వాటికి పైనుంచి వచ్చే ఆజ్ఞను ఆపేసే టీకా. రెండింట్లో ఏది మంచిదని అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. ఆ జంతువు ఇంకా ఎన్నాళ్ళు అలా ఉండాలి? అన్నాళ్ళూ టీకా తేదీలు మీరు తప్పకుండా పాటించగలరా? ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగానికి పైగా తేలిపోతుంది.

## ముందు టీకా ఏం చేస్తుందో చూద్దాం

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా, ఆగి ఆగి వదులుతుంది. అది దగ్గర్లోనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరగానే అక్కడి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే మరో రెండు హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. ఆ రెండూ చెబితేనే వృషణాలు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌నూ వీర్యకణాలనూ తయారుచేస్తాయి. పైన మొదటిది ఆగితే కింద అన్నీ ఆగుతాయి.

జీఎన్ఆర్‌హెచ్‌లో ఉన్నవి 10 అమైనో ఆమ్లాలే. 1971లో దాని నిర్మాణం తేలింది. అందుకోసం ఆండ్రూ షాలీ బృందం లక్షకు పైగా పందుల హైపోథాలమస్‌లను సేకరించాల్సి వచ్చింది. రోజర్ గిల్లెమిన్ బృందం గొర్రెల నుంచి అదే పని చేసింది. 1977 నోబెల్ బహుమతిలో ఇద్దరికీ వాటా దక్కింది. ఆ హార్మోన్ మీద తయారైన టీకా అందరికంటే ఎక్కువగా పందులకే ఉపయోగపడుతోంది.

ఇంత చిన్న అణువును, అదీ తన సొంతదాన్ని, శరీరం పరాయిదిగా చూడదు. అందుకే టీకాలో దాని నకలును ఒక పెద్ద పరాయి ప్రొటీన్‌కు అతికిస్తారు. పందుల టీకా ఇంప్రోవాక్‌లో ఆ ప్రొటీన్ డిఫ్తీరియా టాక్సాయిడ్, అంటే హాని చేయకుండా మార్చిన డిఫ్తీరియా విషం. దాని మీదికి లేచిన రోగనిరోధక శక్తి, దానికి అంటుకున్న చిన్నదానికీ యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి జంతువు సొంత జీఎన్ఆర్‌హెచ్‌ను దారిలోనే పట్టేసుకుంటాయి. ఇక పిట్యూటరీకి కబురు అందదు.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఇది హార్మోన్ ఇంజెక్షన్ కాదు, హార్మోన్‌ను అడ్డుకునే టీకా. రెండోది ఇంకా ముఖ్యం. మొదటి డోసు శరీరానికి శిక్షణ ఇస్తుందంతే. దాని తర్వాత జంతువులో పైకి కనిపించే మార్పేమీ ఉండదు. పని మొదలయ్యేది రెండో డోసు తర్వాతే. టీకా పనిచేయలేదని వచ్చే ఫిర్యాదు వింటే, రెండో డోసు ఎప్పుడు వేశారన్నదే నేను మొదట అడుగుతాను.

## తేల్చుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

ఎన్నాళ్ళు కావాలి? కొన్ని వారాలా, కొన్ని నెలలా, జీవితాంతమా? టీకా ప్రభావం యాంటీబాడీలు ఉన్నంత కాలమే. అవి తగ్గితే మగతనం తిరిగి వస్తుంది.

మళ్ళీ పిల్లలు కావాలా? కొంచెమైనా ఆలోచన ఉంటే ఆపరేషన్ మాట మరిచిపోవాలి. అలాగని టీకాను కూడా నమ్ముకోకూడదు. కొన్ని జంతువులు కొన్ని నెలల్లో కోలుకుంటాయి, కొన్నింటికి ఏళ్ళు పడుతుంది, కొన్ని పూర్తిగా కోలుకోకపోవచ్చు. విలువైన విత్తనపు జంతువు మీద ఈ ప్రయోగం చేయమని నేను ఎవరికీ చెప్పను.

అలవాట్లు ముదిరాయా? టెస్టోస్టెరాన్ తగ్గితే కోరిక తగ్గుతుంది. ఏళ్ళ తరబడి నేర్చుకున్నది మాత్రం మెదడులో మిగులుతుంది. ఈడు వచ్చాక చాలా కాలం ఆగి ఏ పద్ధతి చేయించినా పూర్తి ఫలితం రాకపోవచ్చు. కత్తికీ టీకాకూ ఈ విషయంలో తేడా లేదు.

వృషణాల్లోనే జబ్బుందా? ఒక వృషణం కిందికి దిగకుండా కడుపులో ఉండిపోయినా, గడ్డ ఉన్నా, మెలిపడినా ఆపరేషనే. టీకా వృషణాన్ని నిద్రపుచ్చుతుంది కానీ తీసేయదు. కడుపులో మిగిలిన వృషణంలో కణితి వచ్చే ప్రమాదం అలాగే ఉంటుంది.

పట్టుకోగలరా? ఆపరేషన్‌కు ఒక్కసారి పట్టుకుంటే చాలు. టీకాకు కనీసం రెండుసార్లు, ఎక్కువ కాలం కావాలంటే ఇంకా చాలాసార్లు. ఎదిగిన ఆబోతును రెండోసారి బోనులోకి ఎక్కించడం మొదటిసారి అంత తేలిక కాదు, దానికి అన్నీ గుర్తుంటాయి.

నొప్పి గురించి విడిగా ప్రశ్న పెట్టలేదు. ఎందుకంటే అది అన్ని ప్రశ్నల్లోనూ ఉంది.

## ఒక చూపులో

| అంశం | కత్తి ఆపరేషన్ | పట్టకారు, రింగు | టీకా | ఇంప్లాంట్ (చర్మం కింద పెట్టే మందు కడ్డీ) |
|---|---|---|---|---|
| ఎంతకాలం | శాశ్వతం | సరిగా పడితే శాశ్వతం | కొన్ని వారాల నుంచి నెలల వరకు | 6 లేదా 12 నెలలు |
| ఎన్నిసార్లు పట్టుకోవాలి | 1 | 1 | కనీసం 2 | గడువు తీరినప్పుడల్లా |
| గాయం | ఉంటుంది | పట్టకారుతో పైకి ఉండదు, రింగుతో తర్వాత పుండు | సూది దగ్గర వాపు | చిన్న సూది పోటు |
| నొప్పి | మందు లేకపోతే తీవ్రం | పట్టకారుతో కొన్ని రోజులు, రింగుతో వారాలు | తక్కువ | తక్కువ |
| ఫలితం కనిపించేది | కొన్ని వారాల్లో | కొన్ని వారాల్లో | రెండో డోసు తర్వాత | మగ హార్మోన్ మొదట పెరిగి తర్వాత తగ్గుతుంది |
| విఫలమయ్యే తీరు | రక్తస్రావం, చీము | ఒక వైపు తప్పిపోవడం | డోసు తప్పడం, కొన్నింటిలో స్పందన తక్కువ | గడువు దాటిపోవడం |
| వేసేవాళ్ళకు ప్రమాదం | తన్ను, కోత | తన్ను | పొరపాటున గుచ్చుకుంటే హార్మోన్ల మీద ప్రభావం | తక్కువ |

పట్టికలో పట్టని సంగతులే ఎక్కువ. అందుకే ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

## కత్తి, పట్టకారు, రింగు: ఈ మూడూ ఒకటి కాదు

చాలామంది వీటిని ఒకే గాట కట్టేస్తారు. జంతువు పడే బాధ వైపు నుంచి చూస్తే ఈ మూడూ వేరువేరు.

కత్తితో చేసేటప్పుడు తిత్తి కోసి వృషణాలను బయటికి తీస్తారు. రెండూ కళ్ళ ముందే ఉంటాయి కాబట్టి అనుమానానికి తావు లేదు. రక్తం కారడం, చీము పట్టడం, ఈగలు వాలి పురుగులు పడడం దీనిలో భయాలు. వయసు పెరిగే కొద్దీ రక్తనాళాలు లావై ప్రమాదమూ పెరుగుతుంది. చేయించాలనుకుంటే చిన్న వయసులోనే చేయించడం మేలనేది అందుకే.

బర్డిజో పట్టకారు చర్మం కోయకుండా వృషణానికి వెళ్ళే నాళాన్ని నలిపేస్తుంది. రక్తం అందక వృషణం క్రమంగా కుంచించుకుపోతుంది. రెండు వైపులా విడివిడిగా, ఒకే గీత మీద పడకుండా కొంచెం పైకీ కిందికీ నొక్కాలి. రెండు నొక్కులూ ఒకే వరసలో కలిస్తే తిత్తికి రక్తం ఆగి మొత్తం కుళ్ళిపోవచ్చు. పైన పుండు లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం మాత్రం పెద్ద పొరపాటు.

ఒకసారి దూడ తలను నా తొడకు ఆనించి పట్టుకుని నిలబడ్డాను. పట్టకారు మూసుకోగానే దాని వెన్ను విల్లులా వంగింది. అరవలేదు. ఊపిరి బిగబట్టి కళ్ళు పెద్దవి చేసింది, నా చేతి కింద దాని మెడ రాయిలా బిగుసుకుపోయింది. రెండు రోజులు వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నడిచింది. గడ్డి దగ్గరికి వచ్చి, వాసన చూసి, తినకుండా వెళ్ళిపోయేది. ఆ రోజు దానికి నొప్పి మందు ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఎవరు సలహా అడిగినా ముందు చెప్పేది అదే. ఏ పద్ధతైనా ఎంచుకోండి, మత్తు సూదితో పాటు తర్వాతి రోజులకు మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు కూడా రాయించుకోండి. మత్తు కోసేటప్పటి నొప్పిని ఆపుతుంది, మత్తు దిగాక వచ్చే నొప్పికి వేరే మందు కావాలి.

రబ్బరు రింగు చాలా తేలికగా కనిపిస్తుంది. పుట్టిన కొద్ది రోజుల పిల్లలకు తిత్తి పైభాగంలో వేస్తే రక్తం ఆగి, కొన్ని వారాల్లో కింది భాగం ఎండి రాలిపోతుంది. కానీ ఆ వారాల పాటు నొప్పి సాగుతూనే ఉంటుంది. రింగు కింద ఏర్పడే పుండు ధనుర్వాతానికి మంచి చోటు, కాబట్టి దానికి రక్షణ ముందే ఉండాలి. ఇంకో తప్పు కూడా తరచూ జరుగుతుంది. రింగు బిగించేటప్పుడు ఒక వృషణం పైకి జారిపోతే, తిత్తి రాలిపోతుంది కానీ జంతువు మగదిగానే మిగిలిపోతుంది. రింగు వదిలే ముందు వేళ్ళతో తడిమి రెండూ కిందే ఉన్నాయని లెక్కపెట్టుకోవాలి.

ఏ పద్ధతిలో చేసినా ఆ రోజు నుంచే జంతువు వంధ్యం అయిపోదు. నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో కొన్ని వారాల పాటు చూలు నిలిచే అవకాశం ఉంటుంది. అప్పటిదాకా ఆడవాటి నుంచి వేరుగా ఉంచాల్సిందే.

## టీకా బలమెక్కడ, బలహీనత ఎక్కడ

కోత లేదు, కుట్లు లేవు, పుండు లేదు. కొన్ని రోజులో వారాలో ఉండే వాపు తప్ప పెద్దగా బాధ లేదు. ఇంకో లాభం పెంపకందారులకు బాగా తెలుసు. రెండో డోసు పడేదాకా జంతువు మగదిగానే పెరుగుతుంది కాబట్టి, మగవాటికుండే వేగమైన ఎదుగుదల, తక్కువ మేతతో ఎక్కువ కండ పట్టే గుణం అప్పటిదాకా చేతిలో ఉంటాయి. రెండో డోసు తర్వాత తిండి పెరిగి కొవ్వు పట్టడం మొదలవుతుంది.

బలహీనత అంతా కాలంతోనే. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా, గడ్డకట్టనివ్వకుండా ఉంచాలి. కరెంటు నమ్మకం లేని చోట ఇది చిన్న విషయం కాదు. మందలో కొన్ని జంతువులు సరిగా స్పందించకపోవచ్చు. ఆరోగ్యం బాగాలేని రోజున వేస్తే యాంటీబాడీలు తక్కువగా వస్తాయి. పైగా పనిచేసిందో లేదో కోసి చూసినట్టు తెలియదు, వృషణాల సైజు, ప్రవర్తన చూసి కనిపెట్టాలి.

వీర్యకణాలు కూడా వెంటనే ఆగవు. కోడెలో ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 61 రోజులు పడుతుంది. అంటే పైనుంచి ఆజ్ఞ ఆగినా, అప్పటికే తయారైనవి కొంతకాలం మిగిలే ఉంటాయి. టీకా వేశాం కదా అని మర్నాడే మందలో కలపకండి.

## ఇంప్లాంట్ అనే మూడో దారి

కుక్కల యజమానులు దీన్ని తరచూ టీకా అనుకుంటారు, కానీ ఇది టీకా కాదు. డెస్లోరెలిన్ అనే మందు ఉన్న చిన్న కడ్డీని భుజాల మధ్య చర్మం కింద పెడతారు. డెస్లోరెలిన్ జీఎన్ఆర్‌హెచ్‌నే అనుకరిస్తుంది. కానీ ఆగి ఆగి కాకుండా నిరంతరం అందుతుంటే పిట్యూటరీ విసిగిపోయి స్పందించడం మానేస్తుంది. అందుకే మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే యజమానికి అనవసరమైన కంగారు. 4.7 మిల్లీగ్రాముల ఇంప్లాంట్‌తో దాదాపు 6 వారాలకు సంతానశక్తి ఆగి కనీసం 6 నెలలు అలాగే ఉంటుంది. 9.4 మిల్లీగ్రాములది సుమారు ఏడాది పనిచేస్తుంది.

## ఏ జంతువుకు ఏది

### పంది

టీకా వైపు నేను సందేహం లేకుండా మొగ్గేది ఇక్కడే. మగపంది మాంసంలో కంపుకు కారణం రెండు పదార్థాలు. ఆండ్రోస్టెనోన్ వృషణాల్లో తయారై కొవ్వులో చేరుతుంది, దాని వాసన మూత్రాన్నీ చెమటనూ గుర్తు తెస్తుంది. స్కాటోల్ పేగుల్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం విరిగినప్పుడు పుడుతుంది, అది పేడ వాసన. వృషణాల హార్మోన్లు కాలేయం స్కాటోల్‌ను విరగ్గొట్టే పనిని మందగింపజేస్తాయి. అంటే వృషణాలు ఆగితే రెండూ తగ్గుతాయి. ఆండ్రోస్టెనోన్ వాసన కొందరికి అసలు తెలియదు, కొందరు ముద్ద నోట్లో పెట్టుకోలేరు. అది పుట్టుకతో వచ్చే తేడా. కాబట్టి మీకు వాసన రాలేదని కొనేవాళ్ళకూ రాదనుకోవద్దు.

ఈ కంపు రాకూడదని పుట్టిన వారం లోపే పిల్లలకు వృషణాలు తీసేయడం చాలా దేశాల్లో మామూలైంది, అదీ ఎక్కువగా మత్తు లేకుండానే. యూరప్ నిబంధనల్లో మొదటి 7 రోజుల్లో మత్తు లేకుండా చేయడానికి వీలుంది. 2010లో అక్కడి రైతు సంఘాలు, మాంస పరిశ్రమ, జంతు సంక్షేమ సంస్థలు కలిసి 2018 నాటికి ఈ ఆపరేషన్‌ను స్వచ్ఛందంగా మానేయాలని ప్రకటన చేశాయి, గడువు దాటినా అది పూర్తిగా జరగలేదు. జర్మనీ 2021 నుంచి మత్తు లేకుండా చేయడాన్ని నిషేధించింది.

టీకా వైపు చూస్తే, ఇంప్రోవాక్‌కు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 1998లో, యూరోపియన్ యూనియన్‌లో 2009లో, అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. చెవి వెనక, మెడ చర్మం కింద 2 మిల్లీలీటర్లు. 8 వారాల వయసు నుంచి మొదటి డోసు వేయవచ్చు. కనీసం 4 వారాల తేడాతో రెండోది. అది కోతకు, అంటే పందిని మాంసానికి కోసే రోజుకు, 4 నుంచి 6 వారాల ముందు పడాలి. రెండో డోసు తర్వాత ఒకటి రెండు వారాల్లో పోట్లాటలు, ఒకదాని మీద ఒకటి ఎక్కడం తగ్గుతాయి. కొవ్వులో చేరిన కంపు పదార్థాలు ఖాళీ అవడానికి మాత్రం ఆ వారాలు అవసరం. ఏ కారణం వల్లనో కోత బాగా ఆలస్యమై, రెండో డోసు తర్వాత 10 వారాలు దాటితే, కోతకు 4 నుంచి 6 వారాల ముందు ఇంకో డోసు వేయాలి.

గుంపులో వేసేటప్పుడు ఒకటి మూల నుంచి జారుకుంటుంది. అందరూ అలసిపోయి ఉంటారు, లెక్క సరిపోయిందనుకుంటారు. రెండు వారాల తర్వాత దొడ్డి ప్రశాంతంగా ఉంటే, ఒక్కటి మాత్రం పక్కవాటి మీద ఎక్కుతూ, నురగ కక్కుతూ తిరుగుతుంది. దాని వృషణాలు మిగతావాటి కంటే పెద్దగా, బిగువుగా కనిపిస్తాయి. దాన్ని అప్పుడే పట్టుకుని డోసు వేసి, కోత తేదీ వాయిదా వేయాలి. ఇందుకే ప్రతి పందికీ టీకా వేసిన వెంటనే రంగు గుర్తు పెట్టడం నాకు తప్పనిసరి అనిపిస్తుంది.

మాంసం తినేవాళ్ళకు భయం అవసరం లేదు. టీకాలో ఉన్నది ప్రొటీన్ ముక్క, నోటి ద్వారా వెళితే జీర్ణమైపోతుంది. అందుకే టీకా తర్వాత ఇన్ని రోజులు ఆగి కోయాలనే భద్రతా గడువు సున్నా. వారాలు ఆగేది కంపు పోవడానికే. కొనేవాళ్ళు వృషణాలున్న పందిని చూసి వెనక్కి తగ్గవచ్చు, ముందే మాట్లాడుకోవడం మంచిది.

అసలు ఏమీ చేయకుండా, బరువు తక్కువగా ఉన్నప్పుడే కోసేయడం ఇంకో మార్గం. బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఎక్కువగా అదే పద్ధతి. కంపు పూర్తిగా పోదు కానీ తగ్గుతుంది, సూదీ కత్తీ రెండూ ఉండవు.

### కోడె, ఎద్దు

నాగలికో బండికో కట్టే ఎద్దుకు టీకా వద్దు. అది పదేళ్ళు పనిచేయాలి, పదేళ్ళూ డోసులు వేస్తూ పోలేం. ఒక్క డోసు ఆలస్యమైనా కాడికి పక్కన ఉన్న మనిషికి ప్రమాదం. చిన్న వయసులో, మత్తుతో, నొప్పి మందుతో చేయించండి.

మాంసం కోసం మేపే కోడెల లెక్క వేరు. వాటికోసం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ వంటి చోట్ల బోప్రివా అనే టీకా వాడకంలోకి వచ్చింది. కొన్ని నెలల ప్రశాంతత చాలు, ఆపరేషన్ గాయంతో ఎదుగుదల ఆగే నష్టం ఉండదు. ఎదిగిన కోడెలను కొని మేపేవాళ్ళకు ఇది మరీ నప్పుతుంది, ఎందుకంటే ఆ వయసులో కత్తి చాలా బాధాకరం. మంచి బోను లేనివాళ్ళు మాత్రం దీని జోలికి వెళ్ళకండి.

### పొట్టేలు, మేకపోతు

ఇక్కడ టీకా పరిశోధనల్లో పనిచేసినా చాలా చోట్ల వీటికంటూ ప్రత్యేకంగా అనుమతి పొందిన మందు దొరకదు. కాబట్టి పట్టకారో కత్తో ఎంచుకోవాల్సి వస్తుంది. పెంపుడు మేకపోతుకు మరీ చిన్న వయసులో చేయిస్తే మూత్రనాళం పూర్తిగా ఎదగక, రాళ్ళు అడ్డుపడే ప్రమాదం ఎక్కువని పశువైద్యులు హెచ్చరిస్తారు. మాంసానికి పెంచేదైతే ఈ లెక్క అంతగా వర్తించదు.

### గుర్రం

మగ గుర్రానికి ఆపరేషన్ బాగా నలిగిన దారి. అనుభవం ఉన్న చేతిలో పడితే సాఫీగా సాగుతుంది, అయినా వాపు, రక్తస్రావం, అరుదుగా పేగు జారడం వంటివి జరుగుతాయి. గుర్రాల కోసం ఆస్ట్రేలియాలో ఉన్న ఈక్విటీ టీకా ఆడగుర్రాలకు ఉద్దేశించినది. మగవాటిలో పశువైద్యులు తమ బాధ్యత మీద వాడుతుంటారు, ఫలితం ఒక్కో గుర్రంలో ఒక్కోలా ఉంటుంది. మెడ వాపు, బిగుసుకుపోవడం పందుల్లో కంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పోటీలకు వెళ్ళే గుర్రాన్ని కొన్ని నెలలు శాంతపరచాలి, ఆపరేషన్‌కు ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు అనుకునేవాళ్ళకే ఇది పనికొస్తుంది. తిరిగి విత్తనానికి వాడాలనుకుంటే వద్దు.

### కుక్క, పిల్లి

అమెరికాలో కుక్కల ప్రోస్టేట్ వాపు కోసం ఒక జీఎన్ఆర్‌హెచ్ టీకా కొంతకాలం అమ్మకంలో ఉండి తర్వాత ఆగిపోయింది. కాబట్టి ఇంట్లో కుక్కకు నిజంగా చేతిలో ఉన్న ఎంపిక ఆపరేషన్ లేదా ఇంప్లాంట్. ఆపరేషన్ అంటే వృషణాల కణితి భయం పూర్తిగా పోతుంది. పెద్ద జాతులకు వయసు విషయం చూసుకోవాలి. 2013లో కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయం గోల్డెన్ రిట్రీవర్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాది నిండకముందే చేయించిన వాటిలో కీళ్ళ జబ్బులు ఎక్కువగా కనిపించాయి. హార్మోన్ తగ్గితే ఎముకల చివర్లలో ఎదిగే భాగం మూసుకోవడం ఆలస్యమవుతుంది. ఇంప్లాంట్ తగ్గించేది కూడా ఆ హార్మోన్‌నే కాబట్టి, ఎదిగే వయసు కుక్కకు అది కూడా తొందరపడి పెట్టించకండి.

భయంతో కరిచే కుక్కకు ఏ పద్ధతీ మందు కాదు, కొన్నిసార్లు భయం ఇంకా పెరగవచ్చు. అనుమానంగా ఉంటే ముందు 6 నెలల ఇంప్లాంట్ పెట్టించి ప్రవర్తన ఎలా మారుతుందో గమనించండి. బాగుంటే తర్వాత ఆపరేషన్, బాగాలేకపోతే దాని గడువు తీరేదాకా ఆగడం. మగపిల్లికి ఇంత ఆలోచన అక్కర్లేదు, ఆపరేషన్ చిన్నది, త్వరగా కోలుకుంటుంది.

### ఏనుగు, అడవి జంతువులు

ఏనుగుకు వృషణాలు బయట వేలాడవు, కడుపు లోపల మూత్రపిండాల దగ్గర ఉంటాయి. వాటిని చేరుకోవడమంటే ఎంతో పెద్ద ఆపరేషన్. మదమెక్కిన మగ ఏనుగు దగ్గరికి మావటి కూడా వెళ్ళలేడు. అందుకే 2000 తొలి ఏళ్ళ నుంచి దక్షిణాఫ్రికాలో మగ ఏనుగుల దూకుడును, మదాన్ని అదుపు చేయడానికి ఈ టీకాను ప్రయత్నించారు. దూరం నుంచి బాణంలా విసిరే సిరంజితో వేయవచ్చు. ఇక్కడ కత్తి పోటీలోనే లేదు.

అడవి మందల సంఖ్య తగ్గించాలంటే మాత్రం మగవాటికి టీకా వేసి లాభం తక్కువ. పది మగవాటిలో తొమ్మిదింటిని ఆపినా మిగిలిన ఒక్కటి మందనంతా చూలు కట్టించగలదు. అమెరికాలో గోనాకాన్ టీకాను 2009లో జింకలకు, 2013లో అడవి గుర్రాలకు అనుమతించినప్పుడు ఆడవాటికే ఉద్దేశించారు.

## సూది పట్టేవాళ్ళ భద్రత

ఈ టీకా జంతువులో చేసే పనే పొరపాటున మనిషికి గుచ్చుకుంటే మనిషిలోనూ చేయగలదు. మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా కొంతకాలం హార్మోన్లు, సంతానశక్తి తగ్గవచ్చు. గర్భానికి హాని కలగవచ్చు. మొదటిసారి గుచ్చుకోవడం కంటే రెండోసారి చాలా ప్రమాదం, ఎందుకంటే మొదటిది శిక్షణ, రెండోది పని. అందుకే సూదికి కవచం, ట్రిగ్గర్‌కు తాళం ఉన్న ఇంజెక్టర్ తప్ప మామూలు సిరంజితో వేయకూడదు. గర్భిణులు వేయకూడదు. ఒకసారి గుచ్చుకున్నవాళ్ళు వెంటనే డాక్టర్‌కు టీకా పెట్టె చూపించాలి, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఈ టీకా ముట్టకూడదు. దొడ్డిలో సాయానికి వచ్చిన కుర్రాడికి ఇంజెక్టర్ ఇచ్చి పంపేసే అలవాటు చాలా చోట్ల చూశాను. దయచేసి అది మానండి.

## వెట్‌తో మాట్లాడేటప్పుడు

ఈ జంతువుకు ఈ టీకాకు ఇక్కడ అనుమతి ఉందా, లేక మీ బాధ్యత మీద వేస్తున్నారా అని అడగండి. ఆపరేషన్ అంటే మత్తు ఏది, ఆ తర్వాతి మూడు రోజులకు నొప్పి మందు ఏది అని అడగండి. ఖర్చు పోల్చేటప్పుడు ఒక్క రోజు ఆపరేషన్‌ను ఒక్క డోసుతో కాకుండా, జంతువు బతికినంత కాలం పడే డోసులతో, ప్రతిసారీ పట్టుకోవడానికి కావాల్సిన మనుషులతో కలిపి పోల్చండి. టీకా అని తేలితే, మొదటి డోసు వేయించిన రోజే రెండో డోసు తేదీ, అది తప్పితే వేయాల్సిన తేదీ, కోత తేదీ మూడూ దొడ్డి తలుపు మీద సుద్దతో రాయండి. ఆ రోజు మీరు ఊళ్ళో లేకపోతే ఎవరు వేస్తారో వాళ్ళ పేరు కూడా పక్కనే రాయండి.